ప్లాటు అమ్మి ఆడించాలా, ఆట ఆపించాలా? ఉప్పల్ నుంచి ఒక అమ్మ ప్రశ్న

ప్రశ్న: మేడమ్, మాది ఉప్పల్. నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని, మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. మా పాపకి 22 నిండాయి, ఎనిమిదో ఏట నుంచి టెన్నిస్సే. ఇప్పుడు డబ్ల్యూటీఏ (ఆడవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్) సింగిల్స్ ర్యాంకుల్లో 760 దగ్గర ఉంది, మొత్తం 31 పాయింట్లు. పోయినేడు తన ఆటకి మాకు 12 లక్షల దాకా అయింది, ప్రైజ్‌మనీ అంతా కలిపితే 2 లక్షల చిల్లర. మావారు ఘట్‌కేసర్ దగ్గర మాకున్న 200 గజాల ప్లాటు అమ్మేద్దాం, రెండేళ్ళు దిగుల్లేకుండా ఆడనిద్దాం అంటున్నారు, పాపకి ఇంకా చెప్పలేదు. మా అత్తగారేమో సంబంధాలు చూడమంటారు. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "మీ అమ్మాయి టీవీలో రాదేంటి" అని ఒకరు, "సానియా అయ్యేదెప్పుడు" అని ఒకరు. డిగ్రీ ఓపెన్‌లో కట్టింది, రెండు పేపర్లు ఆగిపోయాయి. పోయిన నెల ఈజిప్టులో ఫస్ట్ రౌండ్ ఓడిన రాత్రి తన ఇన్‌స్టాలో ఎవరెవరో చెప్పుకోలేని బూతులు పెట్టారు, చచ్చిపొమ్మని కూడా. వాళ్ళెవరో మాకు తెలీదు, మేం ఎవరికీ ఏం చెయ్యలేదు. నేను క్లాసు మధ్యలో కూడా ఫోన్ టేబుల్ సొరుగులో పెట్టుకుని స్కోర్ చూస్తుంటా. ఆపమనాలా, ఆడనివ్వాలా? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాస్తున్నా.

జవాబు:

అక్కా, ముందు ప్లాటు సంగతి తేల్చేద్దాం. అమ్మకండి. మిగతా వాటిల్లో నేను అటూ ఇటూ మాట్లాడతానేమో గానీ ఈ ఒక్కదాంట్లో నాకు డౌట్ లేదు, ఎందుకో తర్వాత చెప్తా. అలాగని ఆట ఆపమని కూడా అనకండి. 22కి ఇంట్లోవాళ్ళు ఆపించేస్తే ఆ పిల్ల 40 వచ్చినా "ఇంకొక్క ఏడాది ఆడుంటేనా" అనుకుంటూనే ఉంటుంది, నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు, ఎక్కడ పెళ్ళిలో కలిసినా ప్లేటు పట్టుకుని అదే కథ.

సానియా గోల కూడా ఒకసారి చెప్పేసుకుని పక్కన పెడదాం. 2005 ఫిబ్రవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్, అల్యోనా బొండరెంకో మీద మూడు సెట్లు, నేనారోజు స్టాండ్స్‌లో ఉన్నా, నాకప్పుడు 17, అరిచి అరిచి గొంతు పోయి రెండ్రోజులు ఇంట్లో సైగలే. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ కొట్టిన మొదటి భారతీయ అమ్మాయి, అదీ మన ఊళ్ళో, 18 ఏళ్ళకి. ఆ స్టాండ్స్‌లో ఉన్న నాన్నలు చాలామంది మర్నాడే రాకెట్ కొన్నారు, మా నాన్న అప్పటికే కొనేశాడు కాబట్టి షూస్ కొన్నాడు. ఆమె 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది. ఇక మీ చుట్టాలకి తెలీని ముక్క ఏంటంటే, ఇప్పటిదాకా సింగిల్స్‌లో టాప్ 100లోకి వెళ్ళిన మన దేశం అమ్మాయి సానియా ఒక్కతే, రెండో మనిషి ఇంకా రాలేదు. ఇన్ని కోట్ల మందిలో ఒక్కసారి జరిగినదాంతో మీ పాపని పోల్చి, ఇంకా అవ్వలేదేంటి అంటున్నారన్నమాట. ఈసారి ఎవరైనా అడిగితే "అవుతుందిలెండి, బిర్యానీ చల్లారిపోతోంది" అనెయ్యండి, అంతకంటే ఓపిక ఖర్చుపెట్టొద్దు.

ఇప్పుడు లెక్కలకొద్దాం, మీవారు అకౌంట్స్ మనిషి కాబట్టి ఈ భాగం ఆయనకి చదివి వినిపించినా పర్లేదు (నాకు రాశారని చెప్పక్కర్లేదు, ఎక్కడో చూశానని చెప్పండి).

మీ పాప ఎక్కువగా ఆడేది డబ్ల్యూ15 అనే చిన్న టోర్నమెంట్లు, అప్పుడప్పుడు వాటికంటే కాస్త పెద్దవైన డబ్ల్యూ35లు అయ్యుంటాయి. డబ్ల్యూ15 అంటే టోర్నమెంట్ మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు, సింగిల్స్ డబల్స్ అన్నీ కలిపి. వారమంతా గెలిచి టైటిల్ కొట్టిన పిల్లకి 2,000 డాలర్ల పైచిలుకు వస్తాయి, మెయిన్ డ్రాలో ఫస్ట్ రౌండ్ ఓడితే 150 డాలర్ల చుట్టుపక్కల, అందులోనే ఆ దేశం టాక్సు కోత. నేను టూర్‌లో ఆడే రోజుల్లో 10,000 డాలర్ల టోర్నమెంట్లు ఉండేవి, ఫస్ట్ రౌండ్ ఓడితే 100 డాలర్లు కూడా వచ్చేవి కావు, కాబట్టి పదిహేనేళ్ళలో ఇంత అభివృద్ధి సాధించాం అని మురిసిపోవచ్చు.

ఒక ట్రిప్పు వేసి చూద్దాం. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ఈ ఊళ్ళలో ఇలాంటి టోర్నమెంట్లు వారం వెనక వారం నడుస్తాయి, ఒకే చోట పడుండి మూడు వారాలు ఆడేసి రావచ్చని మన పిల్లలందరూ అక్కడికే పోతారు. టికెట్టూ వీసా 60,000 అనుకుందాం, 21 రోజులు గదీ తిండీ రోజుకి 5,500 చొప్పున లక్షా 15 వేలు, గట్టింగూ (రాకెట్‌కి తీగలు బిగించడం) లాండ్రీ టాక్సీలూ కలిపి ఇంకో 25,000. మొత్తం 2 లక్షలు. పాప మొదటి వారం ఫస్ట్ రౌండ్ ఓడింది, రెండోవారం ఒక మ్యాచ్ గెలిచింది, మూడోవారం క్వార్టర్స్‌కి వెళ్ళింది, అంటే బానే ఆడిందనే చెప్పాలి. చేతికొచ్చేది ఎంత లాగినా 800 డాలర్ల దగ్గర, 68,000. పాయింట్లెన్ని? సున్నా, ఒకటి, మూడు. మొత్తం నాలుగు. లక్షా 30 వేలు చేతి నుంచి పెట్టి నాలుగు పాయింట్లు కొనుక్కొచ్చాం. ఆ నాలుగూ కూడా మొబైల్ రీచార్జ్ లాంటివే, 52 వారాల వ్యాలిడిటీ, వచ్చే ఏడాది అదే వారానికి పోతాయి, మళ్ళీ తెచ్చుకోవాలి.

అదే ఒక్క డబ్ల్యూ35 టైటిల్ కొడితే 35 పాయింట్లు, అంటే మీ పాప ఏడాదంతా తిరిగి కూడబెట్టిన 31 కంటే ఒక్క వారంలో ఎక్కువ. ఈ ఆటలో ర్యాంకు మెట్లెక్కినట్టు ఎక్కదక్కా, చాన్నాళ్ళు అక్కడే ఉండి ఉండి ఒక్క వారంలో ఎగురుతుంది, లేకపోతే అక్కడే ఉండిపోతుంది. అందుకే 760 చూసి నేను ఏమీ చెప్పలేను. ఎవరైనా ఆ ఒక్క నంబరు చూసి చెప్పేస్తే వాళ్ళని నమ్మకండి.

అసలు కిటుకు ఇంకా పైన ఉంది. 2013లో ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ ఫెడరేషన్) వాళ్ళే లెక్కగట్టారు, ఆడవాళ్ళలో ఒక ప్లేయర్‌కి ఏడాది ఖర్చు 40,000 డాలర్ల పైన, అదీ కోచ్ జీతం కలపకుండా, పెట్టింది వెనక్కి రావాలంటే 253వ ర్యాంకు దగ్గరైనా ఉండాలి అని. ఏళ్ళు గడిచాయి, అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి గానీ గీత మాత్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఎందుకంటే గ్రాండ్ స్లామ్ క్వాలిఫయింగ్‌లో, అంటే మెయిన్ డ్రాలోకి వెళ్ళడానికి ముందు ఆడే పోటీల్లో, అమ్మాయిలకి 128 చోట్లుంటాయి, దాదాపు 230 లోపు ఉంటే అందులో పడతారు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ ఫస్ట్ రౌండ్ ఓడిపోయి ఇంటికొచ్చినా 35,000 ఆస్ట్రేలియా డాలర్లు, మన లెక్కలో 18 లక్షల పైన. ఏడాదికి నాలుగు గ్రాండ్ స్లామ్‌లు. ఇంక చూస్కోండి. 760 నుంచి 500కి వెళ్తే మీ ఇంటి లెక్కలో దాదాపు ఏమీ మారదు, ఖర్చు ఇంకా పెరుగుతుంది కూడా, ఎందుకంటే పెద్ద టోర్నమెంట్లకి దూరాలు పోవాలి. 260 నుంచి 230కి వెళ్తే మాత్రం బతుకే మారిపోతుంది.

మరి మీవారి ప్లాన్ ఏంటి? రెండేళ్ళు. రెండేళ్ళలో పాపకి 24. మన అంకితా రైనా తన బెస్ట్ ర్యాంకు 160కి చేరింది 2020 మార్చిలో, అప్పటికి ఆమెకి 27. గ్రాండ్ స్లామ్ మెయిన్ డ్రాలో మొదటిసారి ఆడింది 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, అదీ డబల్స్‌లో, 28 ఏళ్ళకి. అంటే ప్లాటు డబ్బులు అయిపోయేది సరిగ్గా పాప ఆట ముదరడం మొదలయ్యే టైముకి. అప్పుడు అమ్మడానికి ఇంకేం ఉండదు, ఆపడానికి మనసు రాదు. అందుకే నా మాట, రెండేళ్ళు దర్జాగా ఆడించడం మానేసి అయిదేళ్ళు లాక్కురాగలిగేలా ఖర్చు కుదించండి. 12 లక్షలని 6కి దించాలి, ఆ ఆరులో సగం పాపే సంపాదించాలి. కుదరదనుకుంటున్నారు కదా, కుదురుతుంది, చెప్తా.

ఈలోపు ప్లాటు ఎందుకొద్దన్నానో చెప్పాలి.

నా బెస్ట్ ర్యాంకు 600ల్లో. 2011లో అనుకుంటా, ఈజిప్టులో నాలుగు వారాలు ఆడి శంషాబాద్‌లో దిగాను, నాలుగు వారాల్లో గెలిచింది రెండు మ్యాచ్‌లు. సికింద్రాబాద్‌లో ఎయిర్‌పోర్టు బస్సు దిగి ఆటో ఎక్కి అమ్మకి ఫోన్ చేస్తే "ఒకసారి ఆటో అబ్బాయికి ఇవ్వు" అంది. ఎందుకో అర్థం కాలేదు, ఇచ్చాను. అమ్మ అతనికి అడ్రస్ చెప్తోంది, మల్కాజిగిరి, గుడి వెనక సందు, నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమ. మాది మారేడ్‌పల్లిలో సొంత ఫ్లాటు, రెండో అంతస్తు, బాల్కనీలో నిలబడితే కోర్టులు కనబడవు గానీ పొద్దున్నే బంతి చప్పుడు వినబడేది. అమ్మేశారు. టోర్నమెంట్ మధ్యలో చెప్తే ఆట పాడవుతుందని చెప్పలేదట. కొత్త ఇంట్లో, అంటే అద్దింట్లో, నా కప్పులన్నీ ఒక గోనెసంచిలో గోడవారగా ఉన్నాయి, అన్నం పెడుతూ అమ్మ "ఇక్కడ మంజీరా నీళ్ళు బాగా వస్తాయే" అంది. నాన్న టీవీ చూస్తున్నాడు, సౌండ్ లేదు.

ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు ఆడాను గానీ ఆడినట్టు కాదు. 30-40లో సెకండ్ సర్వ్‌కి బంతి పైకి వేస్తే చెయ్యి బిగుసుకుపోయేది. డబల్ ఫాల్ట్ పడిన ప్రతిసారీ నాకు ఆ బాల్కనీయే కనబడేది. మా అమ్మానాన్న ఒక్కమాట అన్లేదు ఎప్పుడూ, అదే ఇంకా కష్టంగా ఉండేది, తిట్టుంటే బావుండేది. మీవారు కూడా ప్రేమతోనే అంటున్నారు, నాకు తెలుసు, కానీ పాపకి చెప్పకుండా మాత్రం ఏదీ చెయ్యనివ్వకండి, ఎంత చిన్నదైనా సరే. చెప్పినా అమ్మొద్దు.

ఇప్పుడు ఖర్చు ఎలా దింపాలో. ముందు, పోయినేడాది 12 లక్షలు ఎక్కడెక్కడ పోయాయో పాప చేతే ఒక నోట్‌బుక్‌లో రాయించండి, మీవారు రాయొద్దు, పాపే రాయాలి. 22 ఏళ్ళ ప్రొఫెషనల్‌కి తన ఖర్చు రూపాయల్లో తెలియకపోతే అది మన తప్పే, మనం పిల్లలనుకుని దాస్తాం. మన దేశంలో డబ్ల్యూ15, డబ్ల్యూ35 టోర్నమెంట్లు వరసగా కొన్ని వారాలు పడతాయి, అవి ఒక్కటి కూడా వదలకుండా ఆడాలి, రైల్లో పోయి ఆడొచ్చే పాయింటూ ఫ్లైట్లో పోయి ఆడొచ్చే పాయింటూ డబ్ల్యూటీఏ కంప్యూటర్‌కి ఒకటే. బయటికి వెళ్తే ఒంటరిగా వద్దు, ఇంకో ఇద్దరు మన అమ్మాయిలతో కలిసి గది పంచుకుని, ముగ్గురికీ ఒకే కోచ్ ఖర్చు పంచుకుని వెళ్ళాలి, సేఫ్టీ కోణంలో కూడా మీకు నిద్రపడుతుంది. ఆ ముగ్గురిలో ఒకమ్మాయితో డబల్స్ పర్మనెంట్‌గా ఆడాలి. మన పిల్లలు డబల్స్‌ని సైన్-ఇన్ టేబుల్ దగ్గర ఎవరు దొరికితే వాళ్ళతో ఆడేస్తుంటారు, ఎంత బద్ధకమో. మణికట్టు పోయాక సానియా డబల్స్‌కే మళ్ళి 2015లో నంబర్ వన్ అయింది. రుతుజా భోసలే సింగిల్స్‌లో టాప్ 100 దరిదాపుల్లోకి రాకపోయినా రోహన్ బోపన్నతో కలిసి హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మిక్స్‌డ్ డబల్స్ గోల్డ్ కొట్టింది.

గట్టింగ్ సంగతి. మ్యాచ్‌కి రెండు రాకెట్లు తాజాగా గట్టింగ్ చేయించుకుని వెళ్తుంది కదా, టోర్నమెంట్ దగ్గర స్ట్రింగర్‌కి కూలీ ఒక్కో రాకెట్‌కి వెయ్యి రూపాయల పైనే. మూడువారాల ట్రిప్పులో సింగిల్స్ డబల్స్ కలిపి ఇరవై సార్లు చేయించినా 20,000 పైన పోయినట్టే. తనే నేర్చుకుంటే అరగంట పని, గుచ్చి లాగి బిగించడమే, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తనవి చేసుకోవచ్చు, అకాడమీ పిల్లలవి చేసి నాలుగు డబ్బులు కూడా చూడొచ్చు.

సంపాదన విషయం. హైదరాబాద్‌లో ఇప్పుడు పెద్ద గేటెడ్ కమ్యూనిటీ అన్నదానికల్లా టెన్నిస్ కోర్టుంది, గచ్చిబౌలి కొల్లూరు వైపు మరీను, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు పొద్దున ఆరింటికి కోర్టు మీద ఉంటారు. డబ్ల్యూటీఏ ర్యాంకున్న అమ్మాయి వచ్చి గంట హిట్టింగ్ ఇస్తానంటే వద్దనేవాళ్ళు ఉండరు. ట్రావెల్ లేని వారాల్లో రోజుకి రెండు గంటలు చాలు, అంతకు మించితే భుజం పాడవుతుంది. ఇంకోటి మన దగ్గర చాలామందికి తెలీదు, జర్మనీలో ఫ్రాన్స్‌లో క్లబ్బుల మధ్య లీగ్ మ్యాచ్‌లు నడుస్తాయి, మన వీధి క్రికెట్ టోర్నీకి పక్క ఊరి ఫాస్ట్ బౌలర్ని తెచ్చుకున్నట్టు ఆ క్లబ్బులు బయటి ప్లేయర్లని తెచ్చుకుని మ్యాచ్‌కింత అని ఇస్తాయి, చాలాచోట్ల ఉండటానికి చోటు కూడా వాళ్ళే చూస్తారు. కింది ర్యాంకుల్లో ఉన్న యూరప్ అమ్మాయిలు చాలామంది ఖర్చులు లాగేది దీనిమీదే. పాపకి టూర్‌లో తెలిసిన జర్మన్ అమ్మాయో ఫ్రెంచ్ అమ్మాయో ఉంటారు, అడగమనండి, సిగ్గుపడే పనేం కాదు.

ఇక నేషనల్స్. డబ్ల్యూటీఏ పాయింట్లు రావని మన పిల్లలు ఢిల్లీలో జరిగే నేషనల్స్ ఎగ్గొట్టేస్తారు. కానీ రైల్వే, ఇన్‌కమ్‌టాక్స్ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడితే వాళ్ళు అడిగే సర్టిఫికెట్లు నేషనల్స్‌వీ, దేశం తరఫున ఆడినవీ. ట్యునీషియాలో క్వార్టర్ ఫైనల్ ఆడానంటే ఆ క్లర్కుకి ఏం అర్థమవుతుంది. ఆ ఉద్యోగం వస్తే ఆట ఆపక్కర్లేదు, టోర్నమెంట్లకి సెలవు కూడా ఇస్తారు, నెల జీతం వస్తుంది, మీ అత్తగారికి కూడా చెప్పుకోడానికి ఒకటి దొరుకుతుంది. ఆ ఫారాల్లో డిగ్రీ అడిగే పోస్టులుంటాయి కాబట్టి ఆగిపోయిన రెండు పేపర్లు ఈ ఏడాదే రాయించండి, ఇది మాత్రం నేను అడుగుతున్నట్టు కాదు, చెప్తున్నట్టు.

అమెరికా కాలేజీ దారి గురించి ఎవరైనా చెవిలో ఊదుతారు. మన హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి అలాగే వెళ్ళి శామ్ హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్‌లో (దేశాల మధ్య ఆడవాళ్ళ టీమ్ పోటీ) తనూ, ఇంకో మనమ్మాయి శ్రీవల్లి రష్మికా కలిసి టీమ్‌లో ఆడి ఇండియాని ప్లేఆఫ్స్‌కి చేర్చారు, నేను ఆ వారం పిల్లలకి సాయంత్రం క్లాసు ఎగ్గొట్టి చూశా. అయితే అది ఇంటర్ అవ్వగానే పట్టాల్సిన బండి. ఇన్నేళ్ళు ప్రో టోర్నమెంట్లు ఆడిన 22 ఏళ్ళ పిల్లకి అక్కడి రూల్స్‌తో చాలా చిక్కులుంటాయి, ఏ కన్సల్టెన్సీ వాడైనా లక్షలు కట్టండి స్కాలర్‌షిప్ నాది పూచీ అంటే కట్టకండి, ఆ యూనివర్సిటీవాళ్ళనే నేరుగా మెయిల్‌లో అడగండి. ఇది చదివేవాళ్ళలో 15, 16 ఏళ్ళ పిల్లలున్నవాళ్ళు మాత్రం ఇప్పుడే కనుక్కోండి. 2025లో పుల్లెల గోపీచంద్ గారు డబ్బున్నవాళ్ళయితే తప్ప పిల్లల్ని ఆటల్నే కెరీర్‌గా పెట్టుకోనివ్వొద్దని అంటే ఊరంతా గొడవపడ్డారు గానీ, ఆయన అన్నదాంట్లో నాకు పెద్ద తప్పు కనబడలా, అంతమందిని దగ్గర్నుంచి చూసిన మనిషి ఆయన.

ఇన్‌స్టా బూతులు. అక్కా, ఇది మిమ్మల్ని ఎంత భయపెట్టి ఉంటుందో నాకు తెలుసు, కానీ అది మీ పాప మీద కోపం కాదు, వాళ్ళకి మీ పాప ఎవరో కూడా తెలీదు. మీరు స్కూల్లో టేబుల్ సొరుగులో చూస్తుంటారు చూడండి 4-6, 3-5, 15-40 అని, అదే స్కోరు ఎక్కడో ఒక బెట్టింగ్‌గాడు కూడా చూస్తుంటాడు. ఇంత చిన్న టోర్నమెంట్ల మీద కూడా ఆన్‌లైన్ బెట్టింగ్ నడుస్తుంది. వాడు మీ పాప గెలుస్తుందని పది వేలు పెట్టాడు, పోయాయి, అంతే. డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ కలిసి 2024 లెక్క తీస్తే 458 మంది ప్లేయర్లకి 8,000 దాకా ఇలాంటి మెసేజ్‌లు వచ్చాయని తేలింది, అందులో నూటికి 40 డబ్బులు పోగొట్టుకున్న బెట్టింగ్‌వాళ్ళవే. టోర్నమెంట్ వారం అంతా కామెంట్లూ మెసేజ్‌లూ తెలిసినవాళ్ళకి తప్ప క్లోజ్ చేసుకోమనండి, చంపుతామన్నవి స్క్రీన్‌షాట్ తీసి ఐటీఎఫ్‌కి పంపాలి, మన సైబర్ క్రైమ్‌ వాళ్ళ వెబ్‌సైట్ cybercrime.gov.in లో కూడా కంప్లయింట్ ఇవ్వొచ్చు.

దీనికి ఆనుకునే ఇంకో విషయం ఉంది, పాపతో ఓపెన్‌గా మాట్లాడాల్సింది. ఫస్ట్ రౌండ్‌కి 12,000 చేతికొచ్చే పిల్ల దగ్గరికి ఎవడో ఒకడు వచ్చి ఒక సెట్ వదిలేస్తే లక్షన్నర ఇస్తామంటాడు, వాడు ఒక్కోసారి తెలిసినవాడే అయ్యుంటాడు, పాత ప్లేయరో, ఎవరి కోచో. నా దగ్గరికీ వచ్చారు, హోటల్ లాబీలో, చాలా మర్యాదగా, కాఫీ ఇప్పించి మరీ. తీసుకోకపోతే సరిపోదు, టెన్నిస్‌లో ఇలా అడిగారని ఐటీఐఏకి (టెన్నిస్‌లో ఫిక్సింగ్ లాంటివి పట్టుకునే సంస్థ) చెప్పకపోవడం కూడా నేరమే, చెప్పకుండా ఊరుకున్నవాళ్ళ మీద కూడా చర్యలుంటాయి. నీకు అడిగితే నాకు ఫోన్ చెయ్యి, నేను తిట్టను, ఇద్దరం కలిసి మెయిల్ రాద్దాం అని ముందే చెప్పి పెట్టండి. అప్పుల్లో ఉన్న పిల్లని వాళ్ళు వాసన పట్టేస్తారు, ప్లాటు వద్దనడానికి ఇదో కారణం.

మరి అయిదేళ్ళూ కళ్ళు మూసుకుని ఆడనివ్వాలా అంటే కాదు. ప్రతి ఏడాది డిసెంబర్‌లో కూర్చోండి, టోర్నమెంట్లు తక్కువుండే టైమది. ర్యాంకు చూడకండి, ఎవరి మీద ఓడుతోందో చూడండి. 400, 500ల్లో ఉన్నవాళ్ళతో మూడో సెట్ దాకా వెళ్ళి ఓడుతుంటే ఆ పిల్లలో ఇంకా ఉంది, ఆగండి. 900ల్లో ఉన్నవాళ్ళ మీద రెండు సెట్లలో ఓడి వస్తోందంటే ఏదో అయింది, ఒంట్లోనో మనసులోనో. ఒకే నొప్పి మూడుసార్లు తిరగబెడితే ఎంఆర్ఐ తీయించాల్సిందే, పెయిన్ కిల్లర్ వేసుకుని ఆడించే కోచ్‌ని మార్చేయండి. ఇంకోటి నేను నా దగ్గరికొచ్చే పిల్లల్లో చూస్తా, ఓడిన మర్నాడు ఏ టైముకి లేచి కోర్టుకి వచ్చిందో. నాకైతే చివరి ఏడాది వర్షం పడి మ్యాచ్ ఆగితే లోపల హాయిగా ఉండేది, అప్పుడే ఆపాల్సింది, ఎనిమిది నెలలు లాగాను ఊరికే. పాపని అడగండి, వాన పడితే నీకెలా ఉంటుందే అని. నవ్వుతుంది, కానీ చెప్తుంది.

పెళ్ళి గురించి రెండే ముక్కలు. ఏడాదిలో 25 వారాలు ఇంట్లో ఉండదు అని పెళ్ళిచూపులకి ముందే చెప్పగలిగిన సంబంధం వస్తే చూడండి, లేకపోతే అత్తగారికి జాతకం బాలేదని చెప్పేయండి, పెద్దవాళ్ళు దానికి ఎదురు చెప్పరు.

క్లాసులో స్కోర్ చూడటం మానండక్కా. మీరు చూసినా చూడకపోయినా ఆ సర్వ్ పడేది పడుతుంది. మ్యాచ్ అయ్యాక తనే ఫోన్ చేస్తుంది, ఓడిన రోజు ఎందుకు ఓడావని అడక్కండి, తన గదిలో హీటర్ పనిచేస్తోందా, రేపు లాండ్రీ ఉందా, ఇలాంటివి అడగండి. నేను టూర్‌లో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ నన్ను అడిగింది ఇలాంటివే, ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకి ఎంత కష్టమయ్యుంటుందో.

నోట్‌బుక్‌లో లెక్క తేలాక మీవారికి ముందు చూపించండి, తర్వాత ముగ్గురూ కూర్చోండి. ఇంకోటి, నా దగ్గర ఒక పాత గట్టింగ్ మెషీన్ ఉంది, హ్యాండిల్‌తో తిప్పేది, ఒక క్లాంప్ కొంచెం జారుతుంది, సైకిల్ షాపులో వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుంది. తార్నాకలో ఉంటా, ఉప్పల్ నుంచి మెట్రోలో నాలుగో స్టేషనే. పాప ఊళ్ళో ఉన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున రమ్మనండి, రెండు రాకెట్లూ ఒక రోల్ స్ట్రింగూ తెచ్చుకుంటే మధ్యాహ్నానికి నేర్పించి పంపిస్తా, మెషీన్ తనే తీసుకెళ్ళొచ్చు. బరువుంటుంది, ఆటోలో రమ్మనండి.